పుట్టింటి నీళ్లు

"మందు వాసన లేదేంటండీ ఈ నీళ్లకి? వాసనే లేని నీళ్లలో పిల్లని దింపేసి, రేపేదన్నా అయితే నేనెవర్ని పట్టుకుని ఏడవాలి?"

ఇంకా ఏమీ కాలేదు. పిల్ల నీళ్లలో కాలైనా పెట్టలేదు. చక్రాల కుర్చీలో, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది కాస్తా అమ్మ గొంతు వినబడగానే సిగ్గుతో కళ్లు మూసుకుంది. గట్టు మీదున్న తల్లులంతా ఇటు తిరిగారు. సత్యవేణి మాత్రం గొంతు తగ్గించలేదు. ఆమెకి భయం వేస్తే అది లోపల ఆగదు, నోటికి వచ్చేస్తుంది. పైకి అనేసిన కీడు మరింక జరగదని ఆమెకో నమ్మకం. బస్సెక్కితే బోల్తా పడుతుందేమో అనేది. గ్యాస్ బండ పేలుతుందేమో అనేది. మొగుడు రావడం ఆలస్యమైతే కరెంటు షాకు కొట్టిందేమో అనేది. అన్నవేవీ జరగలేదు. అననిది ఒక్కటే జరిగింది. నాలుగేళ్ల కిందట, మూడో తరగతిలో ఉండగా, కూతురు ప్రణీత ఒకరోజు బడి మెట్ల మీద కూలబడిపోయి, మళ్లీ సరిగ్గా లేవలేదు.

కండరాలు కొంచెం కొంచెంగా చచ్చుబడే జబ్బన్నారు విశాఖపట్నంలో. నయం చేసే మందు లేదన్నారు. రోజూ వేణ్ణీళ్లలో నడిపిస్తుంటే ఉన్న బలం కొన్నాళ్లు నిలుస్తుందన్నారు. నేల మీద నిలబడలేని పిల్లని నీళ్లు నిలబెడతాయి. నిరుడు కాకినాడలోనే ఇంటి దగ్గర మామూలు స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్తే క్లోరిన్ ఘాటుకి ప్రణీతకి దగ్గు పట్టుకుంది. మిగతా పిల్లలు రెండుసార్లు దగ్గి ఊరుకుంటారు. ఈ పిల్లకి దగ్గి కఫం బయటికి తెచ్చే బలమూ లేదు. ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఇక్కడికి, ఊళ్లోనే క్లోరిన్ వెయ్యని పూల్ ఒకటి ఉందని ఎవరో చెబితే వచ్చారు. వచ్చాక వాసన లేదని పేచీ.

"మందు లేదమ్మా, అందుకే వాసన లేదు" అంది డాక్టర్ నీరజాక్షి. ఆవిడ మనుషులకి వైద్యం చేసే డాక్టరు కాదు. నీళ్ల మీద పరిశోధన చేసిన డాక్టరు. వ్యాయామ కేంద్రం వెనకున్న రేకుల షెడ్డు ఆవిడ ప్రయోగశాల. ఈ వేణ్ణీళ్ల పూల్ ఆవిడ ప్రయోగం. "ఒకసారి ఒంగి, నీళ్ల లోపల గోడ తడిమి చూడండి."

సత్యవేణి ఒంగి చెయ్యి పెట్టి, గబుక్కున లాక్కుంది. "ఓరి నాయనో! పాకుడు!"

పెళ్లయినప్పట్నించీ ఆమె నీళ్ల తొట్టిలో పాకుడు పట్టకుండా బ్లీచింగ్ పౌడరు చల్లి కొబ్బరి పీచుతో తోముతూనే ఉంది. ఈవిడేమో అంత చదువూ చదివి పాకుడు పెంచుతోంది.

నీరజాక్షి నవ్వింది. ఇలాంటి మాటలు చాలా విన్న నవ్వు అది. గాజు గ్లాసు తీసుకుని, పిల్లలు కాళ్లు కడుక్కునే చోట మురికి నీళ్లు ముంచింది. లేత ఆకుపచ్చ పొర పట్టిన ఒక పలక ముక్కని దాంట్లో వేసి గట్టు మీద పెట్టింది. "పిల్ల వ్యాయామం అయ్యాక చూద్దాం" అంది.

"క్లోరిన్‌కి బదులు నీలి దీపాలు పెట్టి చూశాను. ఓజోన్ గాలి పంపి చూశాను. వెండీ రాగీ కలిపి చూశాను. కొన్ని గొట్టం లోపల మాత్రమే పని చేస్తాయి, కొన్ని తీరిగ్గా చేస్తాయి. పక్క పిల్లాడు దగ్గితే ఆ తుంపర మీ అమ్మాయి నోటి దాకా రాకుండా ఆపేది ఒకటి కావాలి నాకు. ఇది గోడంతా అల్లుకుని ఉంటుంది. చెమట, ఉమ్మి, సూక్ష్మజీవులు, ఏది తగిలితే అది తినేస్తుంది. మన ఒంటి జోలికి రాదు."

"ఎక్కణ్ణించి తెచ్చారండీ దీన్ని?"

"మన గోదారి నించే. పాపికొండల దగ్గర రాళ్ల మీంచి గీకి తెచ్చాను. తరవాత దాన్ని లోపల కొంచెం మార్చాను. గోడ నిండా పట్టడానికి రెండేళ్లయింది."

మిగతాదంతా ఎటో పోయింది గానీ గోదారి అన్న మాట సత్యవేణి చెవిలో నిలిచింది. "మాది కొవ్వూరేనండి" అంది, చుట్టం దొరికినట్టు.

"అమ్మా" అంది ప్రణీత కళ్లు తెరవకుండానే, "ఇంక దింపుతావా, లేపోతే నేను కుర్చీలోనే ముసల్దాన్నయిపోనా?"

ఆ రోజు వ్యాయామం నేర్పే అమ్మాయి ప్రణీతని పట్టీలతో నీళ్లలోకి దించి, చేతులు పట్టుకుని, మెల్లగా వదిలింది. ఛాతీ దాకా నీళ్లలో పిల్ల ఊగింది, ఊగింది, నిలబడింది. సత్యవేణి నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని, పడిపోతుంది, పడిపోతుంది అని గొణుగుతూనే ఉంది. బయటికి వచ్చాక ఎవరూ చెప్పకుండానే వెళ్లి గ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. పలక ముక్క అడుగున ఉంది. నీళ్లు ఇప్పుడే బావిలోంచి తోడినట్టున్నాయి.

*

ఆ పొరకి ప్రణీత పెట్టిన పేరు పాకుడు మామ్మ. పిల్లలందరికీ అదే పేరు అంటుకుంది. "మామ్మని గోకొద్దురా, దానికి చక్కిలిగిలి" అని చిన్నవాళ్లని అదిలించేది. నీరజాక్షి కూడా కాగితాల మీద దాని పొడుగాటి పేరు రాసుకున్నా, నోటితో మామ్మ అనే అనేది.

సత్యవేణి భయాలు తగ్గలేదు. ఇంటికి రాగానే పిల్ల నుదురు చూసేది, చెవిలో నీళ్లున్నాయేమో చూసేది, గొంతు గరగరలాడుతోందా అని అడిగేది. "లేదమ్మా, ఆకలేస్తోంది" అనేది పిల్ల. ఆ ఆకలే ఆశ్చర్యం. భర్త వీర్రాజు బోరు మోటార్లు బాగు చేసే మనిషి, మాట్లాడేది తక్కువ. ఒకరోజు కంచం ముందు కూర్చున్న కూతుర్ని చూసి, "రెండోసారి పెట్టించుకుందేంటి ఇది" అన్నాడు. అంతే. కానీ ఆ రోజు ఆయన సైకిలు తుడుస్తూ ఈల వేయడం సత్యవేణి విన్నది.

గట్టు మీద ఆమెకి తోడు మేరీ కుమారి. ఆమె కొడుక్కీ అదే జబ్బు. కుమారి నోరు ఊరుకునేది కాదు. "ఇదిగో సత్యవేణీ, నువ్వలా చూడకు. నీ చూపుకే నీళ్లు విరిగిపోయేలా ఉన్నాయి" అనేది.

ఒకరోజు వ్యాయామం నేర్పే అమ్మాయి రాలేదు. ఎవరో ఒకరు పిల్లతో నీళ్లలో ఉండాలి. "నువ్వే దిగమ్మా" అంది ప్రణీత.

"నేనా? నాకు ఈతొచ్చా ఏవన్నానా? ఇద్దరం పోతాం."

"నీ నడుం దాకా రావమ్మా ఈ చివర. దిగు."

కుమారి తన పంజాబీ డ్రెస్సు తెచ్చి ఇచ్చింది. అది సత్యవేణికి భుజాల దగ్గర బిగుతు. ఇనప కమ్మీ పట్టుకుని, దేవుళ్లందర్నీ పిలుచుకుంటూ మెట్లు దిగింది. కాస్త లోతుకి వెళ్లాక ప్రణీత తల్లి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఆమె నడుం చుట్టూ వేసింది. పిల్ల తల సత్యవేణి చెవి దగ్గరికి వచ్చింది.

సత్యవేణికి కాసేపు అర్థం కాలేదు. ఇన్నేళ్లూ కూతుర్ని ఎత్తుకుంది, కుర్చీలో కూర్చోబెట్టింది, మంచం మీద పడుకోబెట్టింది. పొడుగు తెలిసే వీల్లేదు. గౌను పొట్టయితే కొత్త గౌను కొంది, అంతే. తన పిల్ల ఇంత ఎదిగిందని, పక్కన నిలబడితే చెవి దాకా వస్తుందని ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏంటమ్మా ఏడుస్తున్నావు? మామ్మ ఉప్పు తినదు."

"ఊరుకోవే" అంది సత్యవేణి. అని, అప్పుడే ఆమెకి గట్టి భయం పట్టుకుంది. ఇంత మంచి జరిగితే ఎక్కడో ఎవరో చూస్తూనే ఉంటారు.

*

వాళ్లింట్లో దేవుడి అరలో ఒక రాగి చెంబు ఉంది. కిందటి పుష్కరాలకి సత్యవేణి తల్లి కొవ్వూరు రేవులో గోదారి నీళ్లు పట్టి, మూతకి లక్క పోసి మూసి, కూతురికిచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఆఖరి ఘడియ వస్తే నోట్లో పొయ్యడానికి. ఆ తల్లికే పొయ్యాల్సి వస్తుందనుకున్నారు. కానీ ఆవిడ బస్సులో కూర్చుని కూర్చునే పోయింది. చెంబు అలాగే ఉండిపోయింది. ప్రణీత జబ్బు బయటపడ్డాక దీపం పెట్టిన ప్రతిసారీ సత్యవేణి ఆ చెంబు వైపు చూడకుండా పక్కకి తిరిగేది. అది అక్కడ కూర్చుని ఎవరి కోసం ఎదురుచూస్తోందో ఆమె పైకి అనలేదు. అంత నోరున్న మనిషి ఆ ఒక్కటీ అనలేకపోయింది.

పిల్లతో నీళ్లలో నిలబడి వచ్చిన రోజు ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఆ మామ్మ గోదారి బిడ్డే కదా. పుట్టినచోటు వదిలి ఈ గోడల మధ్యకి వచ్చి, ఊరి పిల్లల మురికంతా తింటోంది. పుట్టింటి నీళ్లు నాలుగు చుక్కలు దాని మీద పోస్తే చల్లగా ఉంటుంది. ఇంట్లో ఎదురుచూసే చెంబూ ఉండదు. ఆ నీళ్లు చావుకి కాకుండా, నిలబడ్డ పిల్లకి పోతాయి.

దాచి చేసే మనిషి కాదు. శుక్రవారం పొద్దున్న చెంబుకి పసుపు రాసి, అందరి ముందే నీరజాక్షిని అడిగింది.

"పుష్కరం నీళ్లా?" అంది నీరజాక్షి. ఆవిడ మొహంలో ఏదో ఆలోచన కదిలింది. చెంబు చేతిలోకి తీసుకుని లక్క ముద్ర చూసింది. "ఎన్నేళ్లయిందో కదా మూసి" అని తనలో తను అనుకుంది. అప్పుడే పూల్ మధ్య నించి ప్రణీత రెండు చేతులూ పైకెత్తి, ఏ ఆసరా లేకుండా, "మేడమ్, ఇటు చూడండి!" అని అరిచింది. నీరజాక్షి అటు చూసింది. చాలాసేపు చూసింది. చెంబు తిరిగి ఇచ్చేసి, "పొయ్యండి సత్యవేణిగారూ. ఒక్క చెంబుకేమవుతుంది" అంది. సత్యవేణి లక్క ఊడదీసి మూత తియ్యగానే తనూ దోసిలి పట్టి నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుంది.

"మా ప్రార్థన నూనె కూడా ఓ బొట్టు వేసెయ్యమంటారా మేడమ్?" అంది మేరీ కుమారి. "అందరు దేవుళ్లూ కూడబలుక్కుని చూసుకుంటారు."

"నూనె మాత్రం వద్దండీ బాబూ. గోడ పాడవుతుంది."

అందరూ నవ్వారు. సత్యవేణి ఒంగి, గోడ వెంబడి నడుస్తూ చెంబు వంచింది. పూర్తిగా బోర్లించడానికి మాత్రం చెయ్యి రాలేదు. అడుగున కాసిని ఉంచి మూత పెట్టేసింది.

*

ముందు చూసింది ప్రణీతే. మరుసటి వారం పూల్‌లో నడుస్తూ భుజం మీద అంటుకున్న పచ్చటి పొక్కు తీసి, "అమ్మా, మామ్మ చర్మం ఊడిపోతోంది" అంది. సత్యవేణి లేచి నిలబడింది. అప్పటికి గోడ మీద అక్కడక్కడ రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చలున్నాయి. వాళ్లు చూస్తుండగానే ఒక పెద్ద పేడు గోడ నించి విడిపోయి, తడి కాగితంలా మెల్లగా కిందికి దిగింది.

నీరజాక్షి షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చింది. "అందర్నీ బయటికి తియ్యండి. ఇప్పుడే" అంది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. నీళ్లు చూడ్డానికి ఇంకా తేటగానే ఉన్నాయి.

తేటగా ఉన్నా కాపలా లేని నీళ్లవి. రెండు రోజులకి ముగ్గురు పిల్లలకి జ్వరాలొచ్చాయి. కుమారి కొడుక్కి తొందరగానే తగ్గింది. ప్రణీతకి ఛాతీ పట్టేసింది. మొహానికి గొట్టం మాస్కు పెట్టి ఊపిరి లోపలికి కొట్టించారు. సత్యవేణి వరండాలో కూర్చుని, పోతుంది, నా పిల్ల పోతుంది అని పైకి అంటూనే ఉంది. ఆమె నమ్మకం నిలిచిందో, డాక్టర్ల చెయ్యి నిలిచిందో, పిల్ల బతికింది. బతికి ఇంటికొచ్చేసరికి చెంచా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

అప్పుడు నీరజాక్షి ఫోన్ చేసింది. "సత్యవేణిగారూ, ఆ చెంబులో నీళ్లేమైనా మిగిలాయా?"

సత్యవేణి చెంబు తీసుకుని షెడ్డుకి వెళ్లింది. ఇంట్లో ఒంటరిగా ఉండనని ప్రణీత కూడా వచ్చింది. నీరజాక్షి బల్ల మీద మూతలున్న గాజు పళ్లేలు పెట్టింది. ఒకదాన్నిండా ఆకుపచ్చ పొర, పూల్ గోడ మీద ఉన్నటువంటిదే, నున్నగా ఉంది. దాని మధ్యలో చెంబు నీళ్లు ఒక్క చుక్క వేసి మూత పెట్టింది. "రేపు రండి" అంది.

మర్నాటికి చుక్క పడ్డచోట పొర లేదు. గుండ్రంగా, తుడిచేసినట్టు, అడుగు గాజు కనబడుతోంది. చూస్తుంటే పెరగలేదు గానీ, సాయంత్రానికి ఇంకా పెద్దదవుతుందని నీరజాక్షి చెప్పింది.

"సూక్ష్మజీవుల్ని తినే వైరస్ ఒకటుంటుంది. మనుషుల్ని ఏమీ చెయ్యదు. ఒక్కో రకం ఒక్కో సూక్ష్మజీవిని పట్టుకుంటుంది. మామ్మ ఏ నదిలో పుట్టిందో, దాన్ని తినేది కూడా ఆ నదిలోనే పుట్టింది. నేను దాన్ని ఇక్కడికి తెచ్చినప్పుడు శత్రువు లేకుండా తెచ్చాను." ఆవిడ పళ్లెం వైపే చూస్తూ మాట్లాడింది. "అది చెంబులో పడుకుని ఉంది. ఇన్నేళ్లు ఉండదనుకున్నాను."

సత్యవేణి బల్ల అంచు పట్టుకుంది. "అంటే నేనేనా అండీ?"

"పొయ్యమన్నది నేను. ఇది నాకు తెలిసుండాలి. మీకు తెలియక్కర్లేదు."

"మళ్లీ పెంచరా? విత్తనం ఉంటుందిగా?"

"ఉంది. ఫ్రిజ్‌లో ఉంది. కానీ ఈ షెడ్డు నిండా ఇప్పుడు ఆ వైరసే. నా చేతుల మీద, పైపుల్లో, గోడల్లో. వేరే చోట మొదలుపెట్టాలి. ఈసారి దానికి తట్టుకునే రకాన్ని ఏరి పెంచాలి. ఎంత లేదన్నా రెండేళ్లు."

"రెండేళ్లకి దీని కాళ్లు..." అని సత్యవేణి ఆగిపోయింది. కాళ్లున్న మనిషి పక్కనే కుర్చీలో కూర్చుని వింటోంది. నీరజాక్షి పళ్లెం తీసి అరలో పెట్టేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సత్యవేణి పిల్ల చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "ప్రణీ, నామీద కోపంగా ఉందా?"

ప్రణీత రోడ్డు వైపు చూసింది. చాలా దూరం వెళ్లాక, "ఆటో ఆపమను. చెప్పు జారిపోయింది" అంది.

*

ఆ తరవాత ప్రణీత అన్నీ మాట్లాడింది. అన్నం ఉప్పగా ఉందని, ఫ్యాను చప్పుడు చేస్తోందని, లెక్కల మేడమ్‌కి మీసాలున్నాయని. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు. సత్యవేణి ఇంకో రెండుసార్లు అడిగింది. పిల్ల దుప్పటి సర్దుకుంది, లేకపోతే టీవీ గొంతు పెంచింది. మళ్లీ అడగడానికి సత్యవేణికి ధైర్యం చాల్లేదు.

పూల్ గేటుకి తాళం పడ్డ రోజు మేరీ కుమారి వీధిలోనే నిలబెట్టి అనేసింది. "ఒక్క చెంబు నీళ్లతో మా అందరి పిల్లల కాళ్లూ విరగ్గొట్టేవు కదే. నీ పుణ్యం నువ్వు ఇంట్లో పోసుకోవచ్చుగా." సత్యవేణి తల వంచుకుని నిలబడింది. అదే కుమారి పది రోజుల తరవాత పెద్ద అల్యూమినియం డేగిసా ఒకటి రిక్షాలో వేసుకుని వచ్చి గుమ్మంలో దించింది. "కాగబెట్టడానికి నీ దగ్గరున్నవి చాలవు. ఊరికే నిలబడి చూడకు, ఓ చెయ్యి వెయ్యి" అంది.

ఎందుకంటే అప్పటికి సత్యవేణి ఇంట్లోనే నీళ్లు తయారు చెయ్యడం మొదలుపెట్టింది. వీర్రాజు ఒక పాత నల్లటి నీళ్ల ట్యాంకు పై భాగం కోసేసి, అంచులకి రబ్బరు తొడిగి పెరట్లో పెట్టాడు. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద నీళ్లు తెర్లకాగబెట్టి, మూతపెట్టి చల్లార్చి, గుడ్డలో వడకట్టి పోసేవాళ్లు. మధ్యాహ్నానికి గోరువెచ్చగా అయ్యేవి. పిల్ల దిగి వచ్చాక ఆ నీళ్లు పారబోసి, ట్యాంకు తోమి, మళ్లీ మొదలు. సత్యవేణి వేళ్ల సందులు ఒరిసిపోయాయి. అయినా ట్యాంకు చిన్నది. కూర్చుంటే మెడ దాకా వస్తాయి గానీ నిలబెడితే నీళ్లు నడుం దాటవు. సగం ఒళ్లు మోసే నీళ్లు చాలవు. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి ప్రణీతే, "కూర్చుంటానమ్మా, చాల్లే" అంది.

ఒకరోజు నీళ్లు పోస్తూ కుమారి చెప్పింది. నీరజాక్షిని ప్రయోగానికి డబ్బిచ్చిన కమిటీ ముందు కూర్చోబెట్టారట. ఇన్నేళ్ల పరిశోధన ఒక చెంబు తీర్థానికి పోయిందా అని నవ్వారట. చెంబు ఎవరిదని అడిగితే ఆవిడ, "నాదే. నేనే పోశాను" అందిట. ఉద్యోగం పోయింది. ఊరి చివర ఎవరిదో ఖాళీ రైసు గోడౌను తీసుకుని, రెండు తొట్టెలు కట్టుకుని, ఒక్కతే మళ్లీ మొదలుపెట్టిందిట.

సత్యవేణి బిందె దించేసి పొయ్యి ముందు కూర్చుండిపోయింది. పొగకి కళ్లు మండుతున్నా పక్కకి జరగలేదు. ఆ మర్నాటి నించీ వారానికోసారి గోడౌనుకి వెళ్లి నేల తుడిచి వచ్చేది. గోడౌను బయటే కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని, నీరజాక్షి ఇచ్చిన వేరే చెప్పులు వేసుకుని లోపలికి వెళ్లేది. తొట్టెల జోలికి వెళ్లేది కాదు. ఆవిడ టీ తాగమంటే గుమ్మం అవతల నిలబడి తాగేది. గ్లాసు చేతిలో పట్టుకుని అంత దూరం నించే గోడ వైపు చూసేది. ఒక మూలన అరచెయ్యంత పచ్చదనం. తరవాతి నెలకి రెండు అరచేతులంత.

ప్రణీత ఎదుగుతూనే ఉంది. ఎముకలు పొడుగయ్యాయి, వాటిని కదిపే కండలు కరిగాయి. ముందు మోకాళ్లు పోయాయి. తరవాత కూర్చున్నప్పుడు నడుం ఒక పక్కకి ఒరగడం మొదలైంది. వీర్రాజు కుర్చీకి పక్కన దిండ్లు కట్టాడు. ఆ రెండేళ్లలోనే ఎప్పుడో, సత్యవేణి కీడు పైకి అనడం మానేసింది. బస్సెక్కితే ఊరికే కిటికీ పట్టుకుని కూర్చునేది. భయం లేక కాదు. అన్నా జరుగుతుందని, అనకపోయినా జరుగుతుందని ఇప్పుడామెకి తెలుసు.

*

"గోడ నిండింది" అని నీరజాక్షి ఫోన్ చేసిన రోజు ఎండ మండిపోతోంది. ఆవిడ గొంతులో సంతోషం లేదు. తీసుకురమ్మని మాత్రం అంది.

గోడౌను తొట్టె పాత పూల్‌లో పావు వంతు ఉంటుంది. మూడు పక్కలా లేత ఆకుపచ్చ. నీరజాక్షి జుట్టు ముందు వైపు నెరిసిపోయింది. ఆవిడ పళ్లెంలో వైరస్ చుక్క వేసి, నెల రోజులు చూసి, పొర చెక్కుచెదరలేదని తేల్చుకున్నాకే పిలిచింది. "తట్టుకుంది" అంది వీర్రాజుతో. ఆయన తల ఊపాడు.

సత్యవేణి ముందే పంజాబీ డ్రెస్సు వేసుకుని వచ్చింది. ఎవరూ చెప్పకుండానే దిగింది. వీర్రాజు కూతుర్ని రెండు చేతుల మీదా ఎత్తి, గట్టు మీద మోకాళ్లూని నీళ్లలోకి అందించాడు. పిల్ల పొడుగు వల్ల కాళ్లు ముందుగా నీళ్లలోకి వేలాడాయి. అరికాళ్లు అడుగుకి తగిలాయి. సత్యవేణి చంకల కింద పట్టు కొంచెం వదులు చేసింది.

మోకాళ్లు మడతపడ్డాయి. నిలబడే ప్రయత్నం కూడా వాటిలో లేదు. గడ్డం నీళ్లలో మునిగేలోపు సత్యవేణి మళ్లీ పట్టుకుంది. "ఇంకోసారి" అంది ప్రణీత. ఇంకోసారి. ఈసారి నడుం పక్కకి ఒరిగిపోయింది. మూడోసారి అనలేదు.

గట్టు మీద నీరజాక్షి మొహం అటు తిప్పుకుని, ఏదో సరిచేస్తున్నట్టు పైపు దగ్గర ఒంగింది. వీర్రాజు మోకాళ్ల మీంచి లేవలేదు.

సత్యవేణి కూతుర్ని వెల్లకిలా తిప్పి, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి నీళ్ల మీద తేల్చింది. పసిపిల్లప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసినట్టే ఉంది, పిల్ల మాత్రం తనంత ఉంది. ప్రణీత చెవులు నీళ్లలో ఉన్నాయి. రేకుల కప్పు వైపు చూస్తూ ఉంది. ఊపిరి మాత్రం మెత్తగా ఆడుతోంది, గరగర లేదు, దగ్గు లేదు. గొట్టంలోంచి నీళ్లు జారే చప్పుడు తప్ప ఏదీ లేదు. సత్యవేణి నోటిదాకా ఏవేవో వచ్చాయి. ఒక్కటీ పైకి అనలేదు.

"ఉందమ్మా" అంది ప్రణీత.

"ఏంటే?"

"ఆ రోజు ఆటోలో అడిగావుగా. కోపం. ఉంది. చాలా ఉంది."

సత్యవేణి తల ఊపింది. ఊపిన తల ఊపుతూనే ఉండిపోయింది. పిల్ల బరువు నీళ్లు మోస్తున్నాయో తను మోస్తోందో ఆమెకి తెలియలేదు.

ప్రణీత తల కొంచెం పక్కకి తిప్పి తల్లి వైపు చూసింది.

"చేతులు తియ్యకు" అంది. "ఇంకాసేపు ఉందాం."